పొలుసు చర్మంతో పుట్టిన చంటిబిడ్డకు తిండి ఎలర్జీ రాకుండా ఏం చేయాలి?

మా పెద్దమ్మాయి పుట్టింది ఒడిశాలోని గుణుపురంలో, చలికాలం మొదట్లో. మూడో నెలకల్లా బుగ్గలు ఎర్రగా పగిలాయి, పిక్కల మీద సన్నటి పొలుసు లేచింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకుంటారా? రోజు విడిచి రోజు శనగపిండి, పాలమీగడ, పసుపు కలిపి నలుగు పెట్టారు. పగుళ్ళు మెత్తబడతాయని గానుగలో ఆడించిన వేరుశనగ నూనెతో మర్దనా చేశారు. అంతా ప్రేమతో చేసిందే, నేనూ దగ్గరుండి చేయించాను. ఎనిమిదో నెలలో ఓ రోజు ఇడ్లీ ముక్కకు కాస్త వేరుశనగ చట్నీ అద్ది నోట్లో పెట్టాను. పది నిమిషాలు కాకుండానే మూతి చుట్టూ దద్దుర్లు, పెదవి వాపు, ఆ వెంటనే వాంతి.

బరంపురంలో పిల్లల డాక్టరుగారిని నేను అడిగిన మొదటి మాట ఒకటే. "అది వేరుశనగ తినడం ఇదే మొదటిసారి కదండీ, మొదటిసారికే ఎలా పడకుండా పోయింది?" ఆయన స్నానం గురించి, నలుగు గురించి, నూనె గురించి ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని అన్నారు: "నోటికి మొదటిసారేనమ్మా, చర్మానికి కాదు. నాలుగైదు నెలలుగా దాని చర్మం వేరుశనగ తింటూనే ఉంది."

ఆ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే రాస్తున్నాను. రాయగడ, గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు ఇళ్ళలో చంటిపిల్లల పెంపకం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ పద్ధతులన్నీ మానేయమని నేను చెప్పను. బిడ్డ చర్మం పుట్టుకతోనే బలహీనంగా ఉంటే మాత్రం కొన్ని మార్చాలి, అదీ మొదటి నెలల్లోనే.

ముందు చేతులు చూడండి

బిడ్డ అరచెయ్యి తెరిచి వెలుతురులో చూడండి. వయసుకు మించి గీతలు ఎక్కువగా, లోతుగా కనిపిస్తున్నాయా? పిక్కల ముందు భాగం చేప పొలుసులా పొడిగా ఉందా? భుజాల వెనక వేలితో రాస్తే రోమాల మొదట్లో గరుగ్గా బొడిపెలు తగులుతున్నాయా? బుగ్గలు, మోచేతులు, మోకాళ్ళు ఎర్రబడి, దురదతో బిడ్డ తలను దిండుకేసి రుద్దుకుంటోందా? తర్వాత మీ చేతులు, మీ ఆయన చేతులు కూడా చూసుకోండి. నాకు చిన్నప్పటి నుంచి చలికాలంలో కాళ్ళు పొలుసు లేస్తాయి. అది చలి వల్లేనని ముప్పై ఏళ్ళు అనుకున్నాను.

అసలు సంగతి ఇది. చర్మం పై పొరను గట్టిగా, తేమగా ఉంచే ప్రోటీన్ ఒకటుంది, పేరు ఫిలాగ్రిన్. దాన్ని తయారుచేసే జన్యువు ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ జన్యువులో లోపం ఉంటే ఆ ప్రోటీన్ తక్కువగా తయారవుతుంది, లేదా అసలు తయారవదు. ఈ లోపం వల్లే చేప పొలుసు చర్మం వస్తుందనీ, దురదతో చర్మం ఎర్రబడి పగిలే ఎగ్జిమాకు కూడా ఇదే పెద్ద కారణమనీ 2006లో స్కాట్లాండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు చూపించారు. పెంకుటింటి కప్పు మీద పెంకులు జరిగాయనుకోండి. లోపలి చల్లదనం పోతుంది, బయటి వాన లోపలికి కారుతుంది. ఈ చర్మమూ అంతే: లోపలి తడి ఆవిరైపోతుంది, బయటి సబ్బు, దుమ్ము, తిండి నలుసులు లోపలికి దిగుతాయి.

జన్యువు రెండు కాపీలుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క కాపీ చెడితే పొడితనం కొద్దిగా ఉంటుంది, ఒక్కోసారి పైకి కనిపించదు కూడా. రెండూ చెడితే తీవ్రంగా ఉంటుంది. మనలో మేనరికాలు ఉన్నాయి కాబట్టి ఈ విషయం దాచకుండా మాట్లాడుకోవాలి. మేనమామను గాని బావను గాని చేసుకున్న ఇంట్లో ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. అలా ఇద్దరిలోనూ ఒక్కో చెడ్డ కాపీ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది తెలిశాక "మీ వైపు నుంచి వచ్చింది, మీ రక్తమే ఇది" అని కోడలిని నిలదీసే పని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. అది ఎవరి తప్పూ కాదు, ఆ మాటల వల్ల బిడ్డకు ఒక్క పొలుసు కూడా తగ్గదు.

జన్యు పరీక్ష చేయించాలా అని చాలామంది అడుగుతారు. మామూలు పొలుసు చర్మానికి అక్కర్లేదు, పరీక్ష ఫలితాన్ని బట్టి మారే వైద్యం ఏమీ లేదు. పుట్టినప్పుడు ఒంటి మీద పలచటి పొర అంటుకుని ఉన్నా, పుట్టుకతోనే ఒళ్ళంతా ఎర్రగా పొట్టు రాలుతున్నా, జుట్టు పెళుసుగా విరిగిపోతున్నా అది వేరే సంగతి. అలాంటి బిడ్డను ఆలస్యం చేయకుండా బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలకో, విశాఖ కేజీహెచ్‌కో, మీకు దగ్గరలోని పెద్దాసుపత్రికో తీసుకెళ్ళండి.

ఇంకో జాగ్రత్త. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రాత్రిళ్ళు దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో చిన్న పొక్కులు కనిపిస్తే అది గజ్జి కావచ్చు. దానికి మందు వేరు, ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి.

నలుగు, నూనె: ఇక్కడే అసలు మార్పు

పగిలిన చర్మం మీద తినే పదార్థం ఏదీ రాయకండి. శనగపిండి, పెసరపిండి, పాలమీగడ, పెరుగు, బాదం ముద్ద, వేరుశనగ నూనె, నువ్వుల నూనె, ఏదైనా సరే.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 2003లో లండన్‌లో గిడియాన్ లాక్ అనే వైద్యుడి బృందం వేరుశనగ ఎలర్జీ ఉన్న పిల్లల వివరాలు తిరగేసింది. వాళ్ళలో చాలామందికి పసితనంలో ఎగ్జిమా ఉంది, వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన చరిత్రా ఉంది. అక్కడి నుంచే ఒక ఆలోచన బలపడింది. తిండి నోటి ద్వారా మొదట పరిచయమైతే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని చుట్టంలా చూస్తుంది. పగిలిన చర్మం ద్వారా మొదట పరిచయమైతే శత్రువులా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత అదే పదార్థం నోట్లోకి వెళ్ళినా యుద్ధమే. 2018లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు చర్మ లోపం ఉన్న ఎలుక పిల్లల మీద పరీక్షించారు. సబ్బు అవశేషం, దుమ్ము, వేరుశనగ చర్మానికి తగిలిన పిల్లలకు, ఆ తర్వాత వేరుశనగ తినిపించగానే ఎలర్జీ వచ్చింది.

మా అత్తగారు ఈ మాట మొదట ఒప్పుకోలేదు. "మీ ఆయన్ని నలుగు పెట్టే పెంచాను, వాడికేమైంది?" అన్నారు. నిజమే, చర్మం గట్టిగా ఉన్న బిడ్డకు నలుగు వల్ల ఏమీ కాకపోవచ్చు. మా అమ్మాయి చర్మం అలాంటిది కాదు. ఇది ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు వారం పట్టింది. మీ ఇంట్లోనూ పడుతుంది, ఓపిక పట్టండి. ఒకసారి అర్థమయ్యాక ఆవిడే నాకంటే గట్టిగా కాపలా కాశారు.

మరి ఏం రాయాలి? వాసన లేని, రంగు లేని, తిండి దినుసులు కలవని మాయిశ్చరైజర్. అన్నిటికంటే చవకైనది తెల్లటి పెట్రోలియం జెల్లీ. చెమట పట్టే బరంపురం ఎండల్లో అది బరువనిపిస్తే పలచటి క్రీము వాడండి, రాయగడ, కొరాపుట్ కొండల చలిలో జెల్లీయే మేలు. డబ్బా మీద దినుసుల పేర్లు చదవండి, బాదం, ఓట్స్, గోధుమ, పాలు అని ఉంటే ఎగ్జిమా బిడ్డకు వద్దు. నూనెల్లో ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు పై పొరను ఇంకా బలహీనం చేస్తాయని పరీక్షల్లో తేలింది. ఒడియా పొరుగింటివాళ్ళు ఆవనూనె మంచిదని ఎంత ఆప్యాయంగా చెప్పినా, ఈ బిడ్డకు మాత్రం వద్దని మెల్లగా చెప్పండి. ఇంట్లో నూనె రాయకపోతే మనసొప్పదు అనుకుంటే శుద్ధమైన కొబ్బరి నూనె మిగతావాటికంటే నయం. ఎగ్జిమా ఉన్న పిల్లల మీద జరిగిన ఒక పరీక్షలో అది మినరల్ ఆయిల్ కంటే బాగా పనిచేసింది. అయినా పగిలిన చోట, రసి కారుతున్న చోట అదీ వద్దు.

స్నానం ఇలా పోయండి

కాళ్ళు చాపుకుని, బిడ్డను వేసుకుని, కాగులో మరిగిన నీళ్ళను చన్నీళ్ళతో కలిపి పోసే పద్ధతి మనది. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు, మీ మోచేతికి వేడి అనిపించనంత. ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించండి. చర్మానికి సహజంగా కాస్త ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ ఐదు దగ్గర. మామూలు సబ్బుది తొమ్మిదీ పదీ ఉంటుంది. అందుకే రోజూ ఒళ్ళంతా సబ్బు రుద్దితే ఉన్న కాస్త రక్షణా కరిగిపోతుంది. సబ్బు కాని క్లెన్సర్ దొరికితే అది వాడండి. దొరక్కపోతే సబ్బు చంకలు, గజ్జలు, పిర్రలకు మాత్రం పరిమితం చేసి, పూర్తిగా కడిగేయండి.

పాత నూలు చీర ముక్కతో ఒత్తి తడి తీయండి, రుద్దకండి. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపు, మాయిశ్చరైజర్ రాయాలి. పొదుపు చేయొద్దు: పసిబిడ్డకైనా వారానికి 100 గ్రాములకు తక్కువ కాకూడదు. నేను మొదట్లో చిన్న డబ్బా నెలంతా వచ్చేలా రాసేదాన్ని, అది రాయనట్టే లెక్క. డబ్బాలో వేళ్ళు ముంచకుండా చెంచాతో తీయండి. రోజుకు రెండుసార్లు రాయాలి, పొడి ఎక్కువైతే ఇంకోసారి.

ఇప్పుడు చెప్పేది చాలా ముఖ్యం. రాసే ముందు మీ చేతులు కడుక్కోండి. చట్నీ నూరిన చేత్తో, పాలు కలిపిన చేత్తో బిడ్డకు నూనో క్రీమో రాస్తే ఆ తిండే చర్మంలోకి వెళ్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1,303 మంది పసిపిల్లలను గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. మూడు నెలల వయసులో ఎంత తరచుగా మాయిశ్చరైజర్ రాశారో అంత ఎక్కువగా తిండి ఎలర్జీ కనిపించింది. అక్కడ ఎక్కువమంది రాసింది ఆలివ్ నూనె. తల్లిదండ్రుల చేతులకు అంటిన తిండి కూడా నూనెతో పాటు లోపలికి వెళ్ళి ఉండొచ్చని పరిశోధకులు అనుమానించారు. ఇది చదివి ఎగ్జిమా ఉన్న బిడ్డకు క్రీము మానేయకండి, చేతులు కడుక్కోండి. చర్మం బాగున్న బిడ్డకు మాత్రం "ముందు జాగ్రత్త" పేరుతో రోజూ క్రీములు పూయక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి రాస్తే ఎగ్జిమా ఆగుతుందేమోనని జరిగిన పెద్ద పరీక్షలు రెండు 2020లో వచ్చాయి, రెంటిలోనూ ఆగలేదు.

ఇంట్లో దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. వేరుశనగ తినే ఇళ్ళలో దాని ప్రోటీన్ నేల మీద, మంచం మీద ఉంటుంది. ఫిలాగ్రిన్ లోపం ఉన్న పిల్లల్లో ఆ దుమ్ము ఎంత ఎక్కువైతే వేరుశనగ ఎలర్జీ అంత పెరిగిందని బ్రిటన్ పరిశోధకులు 2014లో చూపించారు. ఆ లోపం లేని పిల్లల్లో అలా కాలేదు. కాబట్టి బిడ్డ పడుకునే చాప మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలవకండి, ముద్దు పెట్టే ముందు మూతి కడుక్కోండి. సాంబ్రాణి పొగ, ఒంటికి తగిలే ఊలు స్వెట్టరు దురదను పెంచుతాయి. లోపల నూలు చొక్కా వేయండి, గోళ్ళు కత్తిరించండి.

ట్యూబు మందు సంగతి

ఎరుపు, దురద ఉన్నచోట మాయిశ్చరైజర్ ఒక్కటే సరిపోదు. డాక్టరు తక్కువ శక్తి స్టెరాయిడ్ ట్యూబు రాస్తే భయపడకుండా చెప్పినన్ని రోజులు వాడండి. పగుళ్ళు త్వరగా మూసుకుంటేనే తిండి లోపలికి దిగే దారి మూసుకుంటుంది. కొలత ఇది: పెద్దవాళ్ళ చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్ళతో సహా పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.

చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులు మాత్రం వద్దు. మాకు అలా ఒకటి ఇచ్చారు. గట్టి స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిసినది. రెండు రోజుల్లో బుగ్గలు పాలరాయిలా మెరిశాయి, మానేసిన వారానికి ముందుకంటే ఎర్రగా పొంగాయి. పసుపు పచ్చటి చెక్కు కడుతుంటే ఇన్ఫెక్షన్, డాక్టరుకు చూపించండి. జ్వరంతో పాటు నీటి పొక్కులు గుంపుగా లేచి, చితికి గుంటలు పడుతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

తిండి మొదలుపెట్టడం

చర్మం దారి మూశాక నోటి దారి తెరవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: ఎలర్జీ వస్తుందేమోనని గుడ్డు, వేరుశనగ రెండేళ్ళ దాకా పెట్టరు. ఒకప్పుడు వైద్యులే అలా చెప్పేవారు, ఇప్పుడు చెప్పరు.

2015లో లండన్ నుంచి వచ్చిన పరీక్ష ఈ మాట మార్చేసింది. తీవ్రమైన ఎగ్జిమాగాని గుడ్డు ఎలర్జీగాని ఉన్న 640 మంది పసిపిల్లలను తీసుకున్నారు, వయసు నాలుగు నుంచి పదకొండు నెలలు. సగం మందికి వేరుశనగ క్రమం తప్పకుండా తినిపించారు, సగం మందికి ఐదేళ్ళ దాకా పూర్తిగా మాన్పించారు. ఐదేళ్ళకు చూస్తే, మానేసినవాళ్ళలో 17.2 శాతానికి వేరుశనగ ఎలర్జీ ఉంది, తిన్నవాళ్ళలో 3.2 శాతానికే. గుడ్డు విషయంలో జపాన్ వాళ్ళు 2017లో ఇలాంటిదే చూపించారు. ఎగ్జిమాను మందులతో అదుపులో ఉంచుతూ, ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడి కొద్దికొద్దిగా పెడితే ఏడాదికి 8 శాతానికి గుడ్డు ఎలర్జీ ఉంది. పెట్టనివాళ్ళలో అది 38 శాతం.

బాలింత పథ్యం గురించి కూడా ఒక్క మాట. పాలిచ్చే తల్లి గుడ్డు, వేరుశనగ, పాలు మానేస్తే బిడ్డకు ఎలర్జీ రాకుండా ఆగదు. అన్నీ తినండి.

బిడ్డ ఎగ్జిమా తీవ్రంగా ఉంటే, లేదా ఇప్పటికే ఏదో తిండి పడకపోతే, వేరుశనగ మొదటిసారి ఇంట్లో పెట్టకండి. ముందు డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి. పరీక్ష చేశాక ఆసుపత్రిలోనే మొదటి ముద్ద పెట్టించమనవచ్చు. ఎగ్జిమా కొద్దిగానో మధ్యస్థంగానో ఉన్న బిడ్డకు ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక, మెతుకు, చోడి (రాగి) అంబలి, అరటిపండు అలవాటయ్యాక, ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు.

జలుబు, జ్వరం లేని రోజు చూసుకోండి. పొద్దున్న పెట్టండి, సాయంత్రం వద్దు, రాత్రి అసలే వద్దు. మన ఊళ్ళలో రాత్రిపూట డాక్టరు దొరకడం ఎంత కష్టమో తెలుసు కదా. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్ళు నలుసు లేకుండా మెత్తగా నూరి, వేడి నీళ్ళతో గాని అంబలితో గాని పలచగా కలపండి. ఉప్పు, చక్కెర వద్దు. చెంచా కొన మీద కొద్దిగా నాకించి పది నిమిషాలు చూడండి. ఏమీ కాకపోతే మిగతాది మెల్లగా పెట్టి, రెండు గంటలు బిడ్డను కళ్ళ ముందే ఉంచుకోండి. గుళ్ళను గుళ్ళుగా, పలుకులుగా ఐదేళ్ళ లోపు పిల్లలకు ఎప్పుడూ ఇవ్వకండి, గొంతులో అడ్డం పడి ప్రాణం పోతుంది.

వేరుశనగ ఒంటికి పడిందని తెలిశాక పెట్టడం ఆపకూడదు. ఆ లండన్ పిల్లలకు వారానికి ఆరు గ్రాముల వేరుశనగ ప్రోటీన్ పెట్టారు, అంటే సుమారు 24 గ్రాముల గుళ్ళు, మూడు విడతలుగా. ఒకసారి పెట్టి "బాగానే ఉంది" అనుకుని నెలల తరబడి మరిచిపోవడం మంచిది కాదు. గుడ్డు పూర్తిగా ఉడికించి, చిటికెడు మెత్తటి ముద్దతో మొదలుపెట్టండి. ఒక కొత్త పదార్థానికీ ఇంకో దానికీ మధ్య రెండు మూడు రోజులు ఆగితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు దేని వల్లో తెలుస్తుంది.

ఒడిశాలో ఉన్న మనకు ప్రత్యేకంగా చెప్పాల్సింది అంగన్‌వాడీ ఛతువా. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఇచ్చే ఆ పొడిలో గోధుమ, శనగపప్పు, వేరుశనగ, చక్కెర కలిసి ఉంటాయి. మంచి తిండి, పారేయకండి. ఎగ్జిమా బిడ్డకు మాత్రం ముందు గోధుమ, శనగపప్పు, వేరుశనగ విడివిడిగా పెట్టి, మూడూ పడ్డాయని తెలిశాకే ఛతువా కలపండి. లేకపోతే దద్దుర్లు వచ్చినప్పుడు దేన్ని అనుమానించాలో తెలీదు. ఛతువా పొడి చెయ్యి కడగకుండా బిడ్డ బుగ్గ మీద పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మా రెండోవాడూ అదే చర్మంతో పుట్టాడు. వాడికి నలుగు లేదు, వేరుశనగ నూనె లేదు. బుగ్గలు నయం చేసుకుని ఆరో నెల దాటాక డాక్టరు ముందే వేరుశనగ మొదలుపెట్టాం. ఇప్పుడు చిక్కీ కోసం అక్క చూడకుండా వంటింట్లోకి వస్తాడు. ఒక్క ఇంటి కథతో ఏదీ రుజువు కాదు, ఆ 640 మంది పిల్లల లెక్కే రుజువు.

పడకపోతే

నోటి ద్వారా వచ్చే తక్షణ ఎలర్జీ ఎక్కువగా నిమిషాల్లో, ఆలస్యమైనా రెండు గంటల లోపు బయటపడుతుంది. మూతి చుట్టూ నాలుగు దద్దుర్లు మాత్రమే ఉండి బిడ్డ హుషారుగా ఉంటే తిండి ఆపండి, ఫోటో తీయండి, డాక్టరుకు చూపించండి. గొంతు బొంగురు, ఆగని దగ్గు, పిల్లికూత, ఊపిరికి ఎగపోత, నాలుక వాపు, ఒళ్ళు వేలాడేయడం, రంగు పాలిపోవడం, దద్దుర్లతో పాటు మళ్ళీ మళ్ళీ వాంతి: వీటిలో ఏది కనిపించినా ప్రాణాపాయమే. 108కి ఫోన్ చేయండి, బండి ఆలస్యమవుతుందనుకుంటే ఏ ఆటో దొరికితే అందులో దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తండి. బిడ్డను పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో ఉంచండి. ఊపిరి కష్టంగా ఉంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. నిలబెట్టొద్దు, నడిపించొద్దు, వేలు పెట్టి వాంతి చేయించొద్దు.

ఈ పరిస్థితిలో ప్రాణం నిలిపే మందు ఎడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు కండలోకి, కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. ఎలర్జీ సిరప్పు, దురద మాత్ర, సెలైన్‌లో వేసే స్టెరాయిడ్ దాని బదులు పనిచేయవు. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే "తిండి ఎలర్జీ, ఊపిరి ఆడట్లేదు, ఎడ్రినలిన్ ఇవ్వండి" అని గట్టిగా చెప్పండి. మొహమాటపడొద్దు. తగ్గాక కూడా కొన్ని గంటలు అక్కడే ఉండాలి, మళ్ళీ తిరగబెట్టొచ్చు. విదేశాల్లో దొరికే పెన్నులాంటి ఇంజెక్షన్ మన షాపుల్లో సులువుగా దొరకదు. ఒకసారి ఇలా జరిగిన బిడ్డ విషయంలో ఇంట్లో ఏం ఉంచుకోవాలో, ఎవరు ఇవ్వాలో డాక్టరుతో ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోండి.

పరీక్షల మోజు వద్దు

ఒక్క రక్తం చుక్కతో వంద తిండ్లకు ఎలర్జీ చెబుతామనే ప్యాకేజీలకు డబ్బు తగలేయకండి. ఎలర్జీకి సంబంధించిన యాంటీబాడీ ఐజీఈ. దాని పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు. ఎగ్జిమా పిల్లల్లో ఊరికే పాజిటివ్‌లు ఎన్నో వస్తాయి. ఐజీజీ అనే ఇంకో యాంటీబాడీ పరీక్షకైతే ఎలర్జీ విషయంలో అర్థమే లేదు. కర్ణాటకలో బడిపిల్లల మీద జరిగిన సర్వేలో రక్తంలో ఐజీఈ ఉన్నవాళ్ళు చాలామంది తేలారు, నిజంగా తిండి ఎలర్జీ ఉండే అవకాశం ఉన్నవాళ్ళు మాత్రం సుమారు 0.14 శాతమే. ఆ కాగితం చూసి పాలు, గుడ్డు, గోధుమ, పప్పు అన్నీ మాన్పించి, బిడ్డను ఎముకల గూడు చేసుకున్న తల్లిని నేను చూశాను. బిడ్డ ఏం తిన్నప్పుడు, ఎంతసేపటికి, ఏమైందో మీరు రాసుకున్న నోటుపుస్తకమే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

చివరిగా, అంగన్‌వాడీలో, బడిలో, పక్కింట్లో చెప్పుకోవడానికి కొన్ని ఒడియా మాటలు. ఒడియా చదవడం రాని తల్లులు ప్యాకెట్ల విషయంలో కూడా ఈ పేర్లతో అడిగి తెలుసుకోవచ్చు. వేరుశనగ అంటే చినాబాదాం. గోధుమ గహమ. శనగ బుట. పాలు ఖీర. గుడ్డు అండా. ఆవనూనె సోరిష తేల. మా అమ్మాయి బడి సంచిలో ఇప్పటికీ ఒక చీటీ ఉంటుంది, పైన ఒడియాలో, కింద తెలుగులో: "మో ఝిఅకు చినాబాదాం దిఅంతు నాహిఁ." మా అమ్మాయికి వేరుశనగ ఇవ్వకండి. కొడుకైతే ఝిఅకు బదులు పుఅకు అని రాయించండి. కింద మీ ఫోన్ నంబరు, దగ్గరి ఆసుపత్రి పేరు, 108 రాసి, అంగన్‌వాడీ దీదీకి ఒక కాపీ ఇవ్వండి.